అలలపై పలక

భీమునిపట్టణమునందు గాని విశాఖపట్టణమునందు గాని ఉదయమున సముద్రతీరమున నిలిచి చూచినవారు ఒక దృశ్యము నెఱిగియుందురు. చేపలు పట్టి మరలివచ్చు బెస్తవాడు ఒడ్డు సమీపించినంతనే తెప్పను తీరమునకు నడపడు. అలల రాకను కనిపెట్టుచు కొంతతడవు ఆగును. తగిన అల వెనుక లేచినతోడనే తెడ్డు బలముగా వేసి, దానిపై నెక్కి, క్షణకాలములో ఇసుకమీదికి వచ్చును. మనవారు జీవనార్థము చేయు నీ పనిని పోలినదానినే వినోదార్థము చేసి, దాని నొక విద్యగా వృద్ధిపఱచిన జనులు కలరు. వారు పసిఫిక్ మహాసముద్ర మధ్యమున నున్న హవాయి దీవులవారు. తమ భాషలో వారు దీనిని ‘హేఎ నలు’ అందురు. అలపై జాఱుట యని అర్థము. లోకమున నిది సర్ఫింగ్ అను పేర ప్రసిద్ధమైనది.

ఈ క్రీడను గుఱించి మా పై తరగతి విద్యార్థులు ఈ యేడు రెండు ప్రశ్న లడిగిరి. మొదటిది: “ఈ యాటను మిషనరీలు మాన్పించిరట, నిజమా?” రెండవది: “మా చొక్కాలమీద అచ్చువేసియున్న ఈ కంపెనీల పేరులకును ఆ యాటకును సంబంధమేమి?” మిషను పాఠశాలలో నున్న మేము మొదటి ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. రెండవదానికి ఉత్తరము మొదటిదానితో ముడివడి యున్నది. కావున రెంటిని గుఱించియు నిచట వ్రాయుచున్నాము.

ముందుగా అల యెట్లు మనుష్యుని మోయునో తెలిసికొందము. నడిసముద్రమున గాలి వీచుటచే నీరు పొంగును. ఆ పొంగు వందలకొలది మైళ్లు ప్రయాణము చేయును. కాని ప్రయాణము చేయునది దాని యాకారమే గాని నీరు కాదు. వరిచేనిపై గాలి వీచునప్పుడు కెరటములు చేనంతయు పరుగెత్తినట్లు కనబడును. కంకులు మాత్రము తమ చోటనే యుండి ఊగును. సముద్రజలమును అట్టిదే. పొంగు లోతు తక్కువైన చోటికి వచ్చినప్పుడు దాని యడుగుభాగము నేల తాకిడిచే మందగించును. పైభాగము ముందునకు వాలి, విఱిగి, నురుగగును. ఆటగాడు పలకపై బోరగిల పరుండి, చేతులతో నీటిని వెనుకకు త్రోయుచు, అలవేగమునకు ఇంచుమించు సమానమైన వేగమును పొందును. అల వానిని క్రిందినుండి ఎత్తగా, పలక ఆ యల ముందరి వాలుమీద జాఱనారంభించును. అంతట వాడు లేచి నిలుచును. వాడు క్రిందికి జాఱుచునే యుండును, అల వానిని పైకెత్తుచునే యుండును. అందుచేత అల విఱిగి చల్లారువఱకు వాని ప్రయాణము సాగును.

ఈ పని కంతకును ఆధారము పలక. పూర్వము హవాయివారు కోవా, బ్రెడ్‌ఫ్రూట్, విలివిలి మున్నగు చెట్ల కఱ్ఱతో పలకలను చేసెడివారు. చెట్టును నఱకుటకు ముందు దాని మొదట నొక ఎఱ్ఱని చేపను నివేదించుట వారి యాచారము. పిదప మ్రానును చెక్కి, పగడపుఱాతితోను గరుకుఱాళ్లతోను నునుపుచేసి, కుకుయి గింజల నూనె పూసి ఆరబెట్టెడివారు. అలయా యను సన్నని పలకపై సామాన్యజనులు ఆడెడివారు. ఓలో యను పొడవైన బరువు పలక దొరలకు ప్రత్యేకము. స్త్రీలు, పురుషులు, పిల్లలు, రాజులు అందఱు నీ యాట నెఱిగినవారే. 1779లో కెప్టెన్ కుక్ ఓడలలోని జేమ్స్ కింగ్ అను అధికారి కేయలకేకువా అఖాతమున దీనిని చూచి ఆశ్చర్యముతో వర్ణించి వ్రాసెను.

ఇక మొదటి ప్రశ్న. 1820లో అమెరికానుండి మొదటి మిషనరీలు హవాయి చేరిరి. వారిలో ముఖ్యుడైన హైరం బింగ్‌హాము, ద్వీపవాసులను మొదటిసారి చూచినప్పుడు తమవారిలో కొందఱు వీరు మనుష్యులేనా యని అనుకొనిరని తానే వ్రాసికొనెను. ఆ మాట మనకు సిగ్గు కలిగింపవలసినదే. పలకలపై ఆడువారు అల్పవస్త్రములు ధరించుట, స్త్రీపురుషులు కలిసి యాడుట, పోటీలపై పందెములు కాయుట వారికి నచ్చలేదు. ఆ యాటను వారు ప్రోత్సహింపలేదు. వారి బోధ దానికి ప్రతికూలముగనే యుండెను. 1847లో ప్రకటించిన గ్రంథమున బింగ్‌హాము, జనులలో మర్యాదయు పాటుపడు గుణమును భక్తియు పెరుగుటచే ఆట తగ్గినదే గాని, మిషనరీలు బలవంతముగా మాన్పలేదని సమర్థించుకొనెను. ఆ సమర్థన పూర్ణసత్యము కాదు. ఒక జనసమూహము యొక్క సంతోషమును నీచమని నిత్యము చెప్పుచు, దానిని మేము మాన్పలేదనుట చాలదు.

అయినను నేరమంతయు వారిదే యనుటయు సత్యము కాదు. వారు రాకమునుపే, 1819లో, లిహోలిహో రాజు ప్రాచీన నిషేధనియమములను తానే రద్దుచేసెను. దానితో మకహికి యను సాంవత్సరికోత్సవమును అందలి ఆటపోటీలును ఆదరణ కోల్పోయినవి. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. ఓడలతో వచ్చిన క్రొత్త వ్యాధులు, వానిని తట్టుకొను శక్తి లేని ఆ జనులను ఊళ్లకూళ్లుగా నశింపజేసెను. కుక్ వచ్చిన 1778 నాటికి లక్షలలో నుండిన ద్వీపవాసులు 1890 జనాభాలెక్కల నాటికి సుమారు 40 వేలైరి. మిగిలినవారిలో పెక్కండ్రు చందనపుఁగఱ్ఱ వర్తకమునకును పిమ్మట చెఱకుతోటలకును కూలివారైరి. ఆడువారే లేనప్పుడు, ఆడుటకు తీఱికయే లేనప్పుడు, ఆట యెట్లు నిలుచును?

ఈ కథలో మిషను పాఠశాలల వారమైన మనము మఱవకూడని భాగ మొకటి కలదు. 1831లో మౌయి దీవిలో లహైనాలునా యను పాఠశాలను మిషనరీలు స్థాపించిరి. దాని తొలి విద్యార్థులలో డేవిడ్ మాలో యను హవాయివాడొకడు. అప్పటికే ముప్పది యేండ్లు దాటిన ఆయన క్రొత్తగా నేర్చిన చదువును తన జాతి పూర్వాచారములను వ్రాసి నిలుపుటకు వినియోగించెను. ఆ గ్రంథమున అలలపై నాడు ఆటకును, దాని పలకలకును ఒక అధ్యాయము కలదు. బడిలోని పెద్దలు తక్కువగా చూచిన యాటను బడిలోని విద్యార్థి భద్రపఱచెను. ఈ రెండును నిజములే. ఒకటి చెప్పి రెండవది దాచుట తగదు.

ఆట సన్నగిల్లెను గాని చావలేదు. 1885లో కాలిఫోర్నియాలో చదువుకొనుచుండిన ముగ్గురు హవాయి రాజకుమారులు శాంటాక్రూజ్ నగరమున అచటి రెడ్‌వుడ్ కఱ్ఱతో పలకలు చేయించి అలలపై నాడిరి. 1907లో జార్జ్ ఫ్రీత్ అను హవాయి యువకుడు కాలిఫోర్నియాకు పోయి దీనిని ప్రదర్శించెను. 1912లో ఈతలో ఒలింపిక్ స్వర్ణపతకము గెలిచిన డ్యూక్ కహనమోకు ఆస్ట్రేలియాకును దీనిని పరిచయము చేసెను. 1925 జూన్ నెలలో కాలిఫోర్నియా తీరమున ఒక పడవ తలక్రిందులయ్యెను. అందు 17 మంది మరణించిరి. బ్రదికిన 12 మందిలో 8 మందిని డ్యూక్ తన పలకపై మరల మరల పోయి ఒడ్డు చేర్చెను. అటుపిమ్మట తీరరక్షకులు పలకను తమ పనిముట్టుగా నుంచుకొనసాగిరి. పనికిమాలినదని తలచిన ఆటవస్తువు ప్రాణరక్షణకు సాధనమాయెను.

ఇంచుమించు ఆ కాలముననే టామ్ బ్లేక్ అను అమెరికావాడు హోనొలూలు నగరమందలి బిషప్ మ్యూజియములో పడియున్న ప్రాచీనపు ఓలో పలకలను బాగుచేసెను. వానిని చూచి తానును అట్టి పలకను చేసి, బరువు తగ్గించుటకై దానికి వందలకొలది రంధ్రములు తొలిచి, పైన మూసెను. దానినుండి లోపల బోలుగా నుండు పలక పుట్టెను. 1935లో నతడే పలక అడుగున రెక్కవంటి చిన్నబద్దను అమర్చెను. అది లేనప్పుడు పలక ప్రక్కకు జాఱిపోవుచుండెను; అది వచ్చినతరువాత కోరినవైపునకు త్రిప్పుట సాధ్యమయ్యెను.

ఇచట రెండవ ప్రశ్న ఆరంభమగును. 1954లో హోబీ ఆల్టర్ కాలిఫోర్నియాలోని డేనా పాయింటు నందు పలకల అంగడి తెఱచెను. 1958లో నతడును గోర్డన్ క్లార్కును కఱ్ఱకు మాఱుగా పాలియురెథేన్ అను నురుగుపదార్థమును పలకలకు వాడుకలోనికి తెచ్చిరి. రసాయనములను అచ్చులో పోయగా అవి పొంగి గట్టిపడును. ఆ దిమ్మను పనివాడు చిత్రికపట్టి, గాజునూలు గుడ్డ కప్పి, పైన జిగురు పూయును. డ్యూక్ 1930లో చేయించుకొనిన కోవా పలక బరువు 114 పౌనులు. నురుగుపలకను చిన్నవాడైనను చంకబెట్టుకొని పోగలడు. 1959లో గిడ్జెట్ అను చలనచిత్రము వచ్చి ఆటకు మఱింత ప్రచారము కలిగించెను. అలలు లేనినాడు ఆడుటకై కాలిఫోర్నియా పిల్లలు పలకకు చక్రములు బిగించిరి, అది స్కేట్‌బోర్డు. 1973లో ఫ్రాంక్ నాస్వర్తీ దానికి యురెథేన్ చక్రములు తెచ్చినపిమ్మట అది కంకరపై జాఱిపడక నడిచెను. 1965లో షెర్మన్ పాపెన్ అను తండ్రి తన కుమార్తెల కొఱకు మంచుపై జాఱు రెండు కఱ్ఱలను జతచేసి బిగించెను. దానినుండి స్నోబోర్డు వృద్ధియయ్యెను. నీటిపలక, నేలపలక, మంచుపలక ఈ విధముగా నొకే కుటుంబమువి.

వర్తకము పెరిగినకొలది దాని బలహీనతయు బయటపడెను. 1961లో క్లార్క్ స్థాపించిన కార్ఖానా అమెరికాలోని పలకలలో అత్యధికభాగమునకు నురుగుదిమ్మలు సరఫరా చేయుచుండెను. 2005 డిసెంబరు 5వ తేదీన, ముందస్తు హెచ్చరిక లేకయే, దానిని మూసివేయుచున్నానని ఆయన తన ఖాతాదారులకు జాబు పంపెను. విషకరమైన రసాయనముల వాడుకవలన రాగల ప్రభుత్వచర్యలను, వ్యాజ్యములను అందు కారణములుగా చూపెను. అచ్చులను పగులగొట్టించెను. పలకలవారు దిక్కుతోచక, దొరికిన దిమ్మలకై పరుగులిడిరి, ధరలు పెరిగెను. ఒక్క కార్ఖానాను నమ్ముకొనిన వృత్తి ఒక్క జాబుతో తల్లడిల్లెను. ఐనను వృత్తి నశింపలేదు. పనివారి చేతులలో విద్య యుండుటచే, వేఱుచోట్లనుండి వేఱు నురుగులను తెప్పించి, కొలదికాలములోనే మరల పలకలు చేయసాగిరి.

చొక్కాల కథ దీనికి భిన్నము. ఆస్ట్రేలియాలో ఆటగాండ్రకు లాగులు కుట్టుటతో ఆరంభమైన క్విక్‌సిల్వర్, బిల్లాబాంగ్ అను కంపెనీలు, ఎన్నడును సముద్రము చూడనివారికి సైతము వస్త్రములు అమ్మి మహాసంస్థలైనవి. 2015లో క్విక్‌సిల్వర్ అమెరికాలో దివాలా రక్షణ కోరెను. 2018లో రెండు కంపెనీలును ఒకే యాజమాన్యము క్రిందికి వచ్చెను. 2023లో ఆ పేరులు మరల చేతులు మాఱెను. 2025 ఆరంభమున, ఆ పేరులతో అమెరికాలో అంగళ్లు నడుపుచుండిన సంస్థ దివాలా తీసి, నూఱుకు మించిన అంగళ్లను మూసెను. చొక్కామీది పేరు ఒకరినుండి మఱియొకరికి అమ్ముడుపోవచ్చును. అలపై నిలుచు విద్యను అట్లు కొనుటకు వీలులేదు. దాని నెవనికి వాడే నేర్చుకొనవలెను.

2021లో టోకియో ఒలింపిక్ క్రీడలందు సర్ఫింగును స్కేట్‌బోర్డింగును మొదటిసారి చేర్చిరి. సర్ఫింగులో స్త్రీల స్వర్ణపతకమును గెలిచినది హోనొలూలులో పుట్టిన హవాయి జాతి వనిత కరిస్సా మూర్. ఒక కాలమున అంతరించునని లోకము తలచిన జాతియందు ఆట నిలిచి, ఇట్లు గౌరవము పొందెను. మన దేశమునను చెన్నపట్టణమునకు దక్షిణముననున్న కోవళమను బెస్తపల్లెలో, సముద్రము నెఱిగిన బెస్తయువకులే ఈ విద్య నేర్చి ఇతరులకు నేర్పుచున్నారు.

విద్యార్థులారా, మీ రడిగిన రెండు ప్రశ్నలకును మా యుత్తర మిది. ఆ యాటను బోధకులు కొంత అణచిరి, వ్యాధియు దాస్యమును మిక్కిలి అణచెను. వర్తకులు దానిని లోకమంతట వ్యాపింపజేసిరి గాని, వారి సంస్థలు కూలినను ఆట కూలలేదు. దానిని నిలిపినవారు పలక చెక్కినవారు, అలపై నాడినవారు, డేవిడ్ మాలోవలె తెలిసినదానిని వ్రాసిపెట్టినవారు. మన యూళ్లలోను ముసలివారితో మఱుగుపడిపోవుచున్న ఆటలు ఎన్నియో కలవు. ఈ వేసవి సెలవులలో మీ తాతలను అవ్వలను అడిగి, మీ యూరి యాట నొక్కదానిని, దాని నియమములతోను పనిముట్లతోను, ఒక పుస్తకమున వ్రాసికొని రండు. వానిలో మంచివానిని వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.