రక్షకుని ప్రతిభను గుర్తించడమెలా?

సూరత్ నగరపు దక్షిణ భాగాన, పాండేసర పారిశ్రామిక ప్రాంతానికి చేరువలో వడోద్ ఉన్నది. సూరత్ మరమగ్గాలను నడిపే చేతులు ఏ ఒక్క రాష్ట్రానివీ కావు. ఒడిశాలోని గంజాం జిల్లా నుండి వచ్చిన వారున్నారు. తెలంగాణ నేతపల్లెల నుండి తరలివచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలున్నాయి. మహారాష్ట్ర, ఉత్తర ప్రదేశ్, బీహారు రాష్ట్రాల వారున్నారు. స్వగ్రామం నుండి కొత్తగా వచ్చిన కుర్రవానిని మగ్గాల నడుమ నిలిపినప్పుడు అనుభవజ్ఞుల మనస్సులో మెదిలే ప్రశ్న ఒక్కటే: “ఈ పిల్లవాడు పనిలో నిలుస్తాడా?” ఒక్కడే అనేక మగ్గాలను కనిపెట్టి ఉండవలసిన ఆ పనిలో, పోగు తెగిన తరువాత పరుగెత్తేవానికన్న తెగబోయే పోగును ముందుగా పసిగట్టేవాడే నేర్పరి. అతని పనితనం బట్టలో ప్రత్యేకంగా కనిపించదు. లోపం కనిపించకపోవడమే అతని పనితనం.

హాకీ ఆటలో రక్షకుని స్థితి కూడ సరిగా ఇటువంటిదే. గోలు కొట్టినవాని పేరు మరునాటి పత్రికలో వస్తుంది. గోలు పడకుండ ఆపినవాని పేరు సాధారణంగా రాదు. అందువల్లనే ఒక యువ రక్షకుడు రేపు ఎంతటివాడు కాగలడో చెప్పడం ప్రేక్షకులకే గాక, ఎంపిక సంఘాలకు కూడ కష్టమైన పని. ఈ అంచనా తప్పితే నష్టపోయేది ఒక యువకుని జీవితావకాశం. కనుక దీనిని గురించి క్రీడాభిమానులు, ముఖ్యంగా విద్యార్థులు, కొంత శ్రద్ధగా ఆలోచించడం అవసరం.

లెక్కకు రాని విజయం

1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు తొలిసారిగా హాకీ స్వర్ణపతకం గెలుచుకొన్నది. ఆ పోటీలలో ధ్యాన్‌చంద్ 14 గోల్సు చేసిన సంగతి మనకందరికీ తెలుసు. అయిదు ఆటలలో మన జట్టు మొత్తం 29 గోల్సు చేసింది. అయితే అదే పట్టికలో మరొక అంకె ఉన్నది: ప్రత్యర్థులు మనపై చేసిన గోల్సు సున్న. ఆ సున్న వెనుక గోల్ కీపర్ రిచర్డ్ ఆలెన్ ఉన్నాడు, అతని ముందు నిలిచిన బ్యాక్‌లు ఉన్నారు. ఆ జట్టు నాయకుడైన జైపాల్ సింగ్ కూడ బ్యాక్ స్థానంలో ఆడినవాడే. నేటి జార్ఖండ్‌లోని ముండా ఆదివాసీ కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, తరువాత రాజ్యాంగ పరిషత్తులో ఆదివాసుల గొంతుగా నిలిచిన వ్యక్తి ఆయన. 14 గోల్సును జ్ఞాపకముంచుకొన్న ప్రజలు ఆ సున్నను అంతగా జ్ఞాపకముంచుకోలేదు. ఇది ఎవరి తప్పూ కాదు. జరిగినదానిని కన్ను చూస్తుంది, జరుగకుండ ఆగిపోయినదానిని ఆలోచన మాత్రమే చూడగలదు.

రక్షకుడు చేసే పని

హాకీ మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. గోలు ముందున్న అర్ధవలయంలో నుండి కొట్టిన బంతికే గోలు లభిస్తుంది. కనుక రక్షకుని మొదటి కర్తవ్యం ప్రత్యర్థి చేతిలోని బంతిని లాగుకోవడం కాదు. అతనిని ఆ వలయంలోకి రానీయకుండ పక్కగీత వైపునకు మళ్ళించడం. తొందరపడి కర్ర చాచినవానిని నేర్పుగల ఫార్వర్డ్ సులభంగా దాటిపోతాడు. తొందరపడక, ఎదుటివాని దారిని ఇరుకు చేస్తూ వెనుకకు నడిచేవాడు అతనిచేత పొరపాటు చేయిస్తాడు. మొదటివాడు చురుకైనవాడుగా కనిపిస్తాడు, రెండవవాడు మందకొడిగా కనిపిస్తాడు. నిజానికి జట్టుకు మేలు చేసేవాడు రెండవవాడే.

పెనాల్టీ కార్నర్ సమయంలో రక్షకుల ధైర్యం బయటపడుతుంది. గోల్ కీపర్‌తో కలిసి అయిదుగురు మాత్రమే గోలు గీత వెనుక నిలుస్తారు. బంతి లోపలికి రాగానే వారిలో ఒకడు, కొట్టబోయేవాని మీదకు సూటిగా పరుగెత్తాలి. గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో వచ్చే బంతికి ఎదురుగా అతడు పోతున్నాడు. అతని పరుగు వల్ల కొట్టేవాని గురి ఒక అంగుళం తప్పితే, ఆ ఫలితం అతని పేరున ఎక్కడా నమోదు కాదు.

దీనికి తోడు, ఆధునిక హాకీలో దాడికి మొదటి అడుగు రక్షకుని నుండే పడుతుంది. బంతిని ఆపిన తరువాత దానిని గుడ్డిగా దూరం కొట్టేవాడు ఒకడు. తలయెత్తి చూచి, ఖాళీగా ఉన్న సహచరునికి అందించేవాడు మరొకడు. ఈ రెండింటికి గల తేడా ఒక యువకుని భవిష్యత్తును చాలవరకు చెప్పగలదు.

రష్యా యువకుల ఉదాహరణ

ఇటువంటి అంచనాలు ఎంత విరివిగా జరుగుతవో, ఎంత తరచుగా తారుమారవుతవో తెలుసుకొనడానికి ఐస్ హాకీ చక్కని ఉదాహరణ. గడ్డకట్టిన నీటిపై, కాళ్ళకు ఉక్కు అంచుల పాదరక్షలు కట్టుకొని, బంతికి బదులు రబ్బరు బిళ్ళతో ఆడే ఆట అది. మన దేశంలో లదాఖ్ యువతీయువకులు శీతకాలంలో ఈ ఆట ఆడుతారు. గోల్ కీపర్ గాక ఇద్దరు రక్షకులు, ముగ్గురు దాడి చేసేవారు ఒకేసారి బరిలో ఉంటారు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ జట్లు ఏటేటా పదునెనిమిదేళ్ళ ప్రాయపు యువకులను వరుసక్రమంలో ఎంచుకొంటాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అని అభిమానులు నెలల తరబడి వాదించుకొంటారు. ఆ వాదాలలో అందరికన్న ఎక్కువ సందేహాలకు గురియయ్యేవాడు రష్యా నుండి వచ్చే యువ రక్షకుడు.

వ్యాచెస్లావ్ ఫెతిసోవ్ చరిత్ర చూడండి. 1978లో మాంట్రియల్ జట్టు అతనిని 201వ స్థానంలోను, 1983లో న్యూజెర్సీ జట్టు 145వ స్థానంలోను ఎంచుకొన్నాయి. అతని ఆటలో లోటు ఉండి అంత వెనుకకు పోలేదు. సోవియట్ ప్రభుత్వం అతనిని విడిచిపెట్టదనే భావమే అందుకు కారణం. 1984, 1988 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచిన జట్టులో ఉన్న అతడు 1989లో, 31వ ఏట, అమెరికా చేరుకోగలిగినాడు. 1997, 1998 సంవత్సరాలలో డెట్రాయిట్ జట్టుతో స్టాన్లీ కప్పును కూడ అందుకొన్నాడు.

సెర్గీ జూబోవ్‌ను 1990లో 85వ స్థానంలో ఎంచుకొన్నారు. నాలుగేళ్ళకు అతడు స్టాన్లీ కప్పు గెలిచిన న్యూయార్క్ రేంజర్స్ జట్టులో ప్రముఖుడు. 2019లో హాకీ కీర్తిమందిరంలో స్థానం పొందినాడు. 1998లో 162వ స్థానంలో పిలుపు వచ్చిన ఆంద్రే మార్కోవ్, మాంట్రియల్ జట్టు పక్షాన 990 ఆటలు ఆడినాడు. 2016లో 9వ స్థానంలోనే ఎంపికైన మిఖాయిల్ సెర్గచోవ్‌ను, ఎంచుకొన్న జట్టే మరుసటి సంవత్సరం వేరొక జట్టుకు ఇచ్చివేసింది. ఆ కొత్త జట్టు టాంపా బే, అతడుండగా 2020, 2021లలో వరుసగా కప్పు గెలిచింది.

ఈ తప్పులకు రెండు కారణాలు కనిపిస్తవి. మొదటిది, రక్షకుడు ఆలస్యంగా పండుతాడు. వేగము, గురి చిన్ననాటనే తెలియవచ్చును. ఎదుటివాని ఉద్దేశాన్ని చదివే నేర్పు వందల ఆటలాడిన మీదట గాని రాదు. రెండవది, పరిశీలకులు ఆటతో పాటు ఆటగాని దేశాన్ని కూడ తూచినారు. “రష్యా వారు ఇక్కడ ఇమడరు, మధ్యలో వెళ్ళిపోతారు” అనే మాట ఎన్నో అంచనాలకు ముందే ముగింపు రాసింది. 2022లో రష్యా జట్లను అంతర్జాతీయ పోటీల నుండి నిలిపివేసిన తరువాత, అక్కడి యువకులను ఇతర దేశాల సమవయస్కులతో పోల్చి చూచే అవకాశం కూడ సన్నగిల్లింది. చూచే అవకాశం తగ్గినచోట ఊహకు బలం పెరగడం సహజం.

మన దేశపు అనుభవం

1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు సెమీఫైనల్ జరుగుతున్నది. మలేషియా 2-1 ఆధిక్యంలో ఉన్నది. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలే మిగిలినవి. అంతవరకు బయట కూర్చున్న భోపాల్ యువకుడు, ఫుల్ బ్యాక్ అస్లం షేర్ ఖాన్‌ను లోపలికి పంపినారు. పెనాల్టీ కార్నర్‌లో అతడు గోలు చేసి జట్టును నిలబెట్టినాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ విజయపు గోలు చేసినాడు. ఫైనల్‌లో పాకిస్తాన్‌పై స్కోరు సమం చేసినవాడు పంజాబ్ బ్యాక్ సుర్జీత్ సింగ్. గెలిపించిన గోలు అశోక్ కుమార్‌ది. సిమ్‌డేగా ప్రాంతపు ఆదివాసీ బ్యాక్ మైకేల్ కిండో కూడ ఆ జట్టు సభ్యుడే. భోపాల్, పంజాబ్, ఛోటా నాగపూర్ ఒకే గోలును కాపాడిన సన్నివేశమది.

ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో సౌనామారా అనే పల్లె ఉన్నది. రూర్కెలాలోని పాన్‌పోష్ క్రీడా వసతిగృహంలో శిక్షణ పొందిన ఆ పల్లె బిడ్డ దిలీప్ తిర్కీ, బ్యాక్‌గా 412 అంతర్జాతీయ ఆటలు ఆడినాడు. 1996, 2000, 2004 ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నాడు. అదే పల్లె నుండి అమిత్ రోహిదాస్ వచ్చినాడు. 2013లో జాతీయ జట్టులో ప్రవేశించి, తరువాత కొన్నేళ్ళు చోటు దొరకక, 2017లో తిరిగివచ్చినాడు. టోక్యోలోను, 2024లో పారిస్‌లోను కాంస్యపతకాలు గెలిచిన జట్లలో ఉన్నాడు. పెనాల్టీ కార్నర్‌లో బంతికి ఎదురు పరుగెత్తే సాహసానికి అతడు ప్రసిద్ధుడు. మొదటి అవకాశానికి, స్థిరమైన స్థానానికి నడుమనున్న ఆ కొన్నేళ్ళలో ఎవరైనా “ఇక ఇతని పని అయిపోయింది” అని తీర్పు చెప్పి ఉంటే, అది ఎంత తప్పయ్యేదో నేడు మనకు తెలుస్తున్నది.

తెలుగునాట కూడ ఇటువంటి ఉదాహరణ లేకపోలేదు. చిత్తూరు ప్రాంతపు పల్లెలో 1990లో పుట్టిన ఇటిమరపు రజని గోల్ కీపర్. అనగా, రక్షకులందరికీ చివరి రక్షకురాలు. జాతీయ జట్టులో సవితకు తరువాతి స్థానంలో ఏళ్ళ తరబడి ఓపికతో కొనసాగిన ఆమె, 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్పులో భారత మహిళల జట్టుకు నాయకత్వం వహించి రజతపతకంతో తిరిగివచ్చింది.

పేరును కాదు, ఆటను

ఈ ఉదాహరణలన్నీ ఒకే సంగతిని చెబుతున్నవి. యువ రక్షకుని అంచనా వేసేటప్పుడు అతడెక్కడివాడు, ఏ భాషవాడు, ఏ వరుసలో ఎంపికైనాడు అనే ప్రశ్నలు సులభమైనవి. వాటికి జవాబు వెంటనే దొరుకుతుంది. కష్టమైన ప్రశ్నలు వేరు. ప్రత్యర్థి దగ్గరకు వచ్చినప్పుడు అతడు ఓపిక పట్టినాడా? బంతి చిక్కిన తరువాత తలయెత్తి చూచినాడా? తన తప్పు వల్ల గోలు పడిన తరువాతి అయిదు నిమిషాలు ఎట్లా ఆడినాడు? నిరుడు చేసిన తప్పును ఈ ఏడు కూడ చేస్తున్నాడా? చివరి ప్రశ్న అన్నిటికన్న ముఖ్యమైనది. ఏమంటే, భవిష్యత్తును సూచించేది నేటి స్థాయి కన్న, నిన్నటి నుండి నేటికి జరిగిన పెరుగుదల.

పాఠశాలలలో, కళాశాలలలో హాకీ ఆడేచోట విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేయవచ్చును. ఒక ఆట పొడుగునా బంతిని చూడక, ఒక్క రక్షకుని మాత్రమే చూడాలి. అతడు ఎన్నిసార్లు ప్రత్యర్థిని పక్కకు మళ్ళించినాడో, ఎన్నిసార్లు బంతిని సహచరునికి సరిగా అందించినాడో ఒక పుస్తకంలో గుర్తు పెట్టుకోవాలి. అదే ఆటగానిని ఆరు నెలల తరువాత మరల చూడాలి. ఆ రెండు పుటలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసే సత్యం, ఎంతటి గట్టి వాదన వల్లనైనా తెలియదు.

వడోద్ మగ్గాల మధ్య కొత్త కుర్రవానికి లభించవలసిన న్యాయం కూడ ఇదే. గంజాం నుండి వచ్చినాడా, కరీంనగర్ నుండి వచ్చినాడా అని గాక, పోగు తెగే ముందు అతని చూపు ఎక్కడ ఉన్నదో గమనించాలి. వారం రోజులలో తీర్పు చెప్పక, నేర్చుకొనే వ్యవధి ఇవ్వాలి. క్రీడామైదానంలో ఈ అలవాటు పడిన ప్రేక్షకుడు, దానిని ఇంటికి, పనిచోటికి కూడ తీసుకొని పోగలడు.