అవ్వ తాయెత్తులో తొమ్మిది గళ్ళు

మాది సంగనకల్లు అని చెప్పగానే అందరూ మా గుట్ట మీది రాతియుగం గొడ్డళ్ళ గురించే అడుగుతారు. నేను రాసేది అంత పాత సంగతి కాదు. మా అవ్వ ట్రంకుపెట్టెలో దొరికిన తాయెత్తు గురించి.

అక్క కాన్పుకు ఇంటికొచ్చింది. ఏడో నెల. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చింది. అవ్వేమో పెట్టె తెరిచి, నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ చేతికి కట్టిన తాయెత్తు బయటికి తీసింది. చిన్న రాగి గొట్టం, రెండు పక్కలా లక్క. ఒక పక్క లక్క ఊడిపోయింది. "తెరవొద్దు మే, బలం పోతాది" అంటానే ఉంది, నేను తెరిచేశాను.

లోపల చుట్టిన సన్నటి రాగిరేకు. దాని మీద మొలతో గీసినట్టు తొమ్మిది గళ్ళు, మామూలు అంకెలు. పై వరుస 6, 1, 8. నడుమ 7, 5, 3. కింద 2, 9, 4. అడ్డం, నిలువు, మూలకు మూల, ఎటు కూడినా 15.

"ఇది యాడ కట్టిచ్చినావవ్వా?"

"దర్గాలోనో, ఆంజనేయస్వామి గుడికాడనో. ఇరవై ఏండ్లాయ, యాడ గ్యాపకముంటాది!"

రేకును చూసి నేనే కనిపెడదామనుకున్నాను. కుదరలేదు. నవగ్రహ యంత్రాల్లో సూర్యయంత్రం అచ్చం ఇదే. ముస్లింల తావీజుల్లో పేరున్న గడి 4, 9, 2. 3, 5, 7. 8, 1, 6. మా రేకును తలకిందులుగా పట్టుకుంటే అదే! 1 నుంచి 9 దాకా అంకెలతో ఇలాంటి చదరం నిజానికి ఒక్కటే ఉంది, తక్కినవన్నీ దాన్ని తిప్పినవో, అద్దంలో చూపినవో. (లెక్కల డిపార్ట్‌మెంటు వాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసంట.) అరబ్బీ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. మూలల్లోని 2, 4, 6, 8 కు అక్షరాలు పెడితే 'బదూహ్' అని వస్తుంది. ఆ మాటనే విడిగా రక్షగా కూడా రాసుకునేవాళ్ళు.

నన్ను ఆపేసింది ఇంకొకటి. పాత పుస్తకాల్లో ఈ తొమ్మిది గళ్ళు కనిపించేది కాన్పు దగ్గర. దాదాపు 900 నాటి వృందుడి 'సిద్ధయోగం' సంస్కృత వైద్యగ్రంథం. సులువుగా ప్రసవం కావడానికి అందులో ఒక చదరం చెప్పారు, దాని మొత్తం 30. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరు మీదున్న అరబ్బీ గ్రంథాల్లో 15 చదరమూ కాన్పు కోసమే. 1111లో చనిపోయిన అల్ గజాలీ కూడా దీని గురించి రాశాడు: నీళ్ళు తగలని రెండు గుడ్డముక్కల మీద గీసి, నొప్పులు పడే ఆమె చూశాక పాదాల కింద పెట్టాలంట. రెండు భాషల పండితులూ అదే భయం దగ్గరికి వచ్చారు.

మాట సంగతి. తావీజ్ అనే అరబ్బీ మాట 'శరణు కోరడం' అనే ధాతువు నుంచి వచ్చింది. తాయెత్తు దాని రూపమేనని చెప్తారు. కన్నడలో తాయిత. నాన్న వైపు అజ్జి మాత్రం ఒప్పుకోదు: "తాయి అంటే అమ్మ కదా, అమ్మ ఎత్తుకున్నట్టు." వ్యుత్పత్తిగా నిలవదేమో గానీ నాకు ఇదే నచ్చింది. రేకు లేకుండా కట్టే రక్షలు ఇంకా పాతవి. అథర్వవేదంలో శంఖాన్ని రక్షగా కట్టే సూక్తం ఉంది. శాకుంతలంలో భరతుడి చేతికి కట్టింది అపరాజిత అనే ఓషధి. అది కిందపడితే తల్లిదండ్రులు, ఆ పిల్లాడు తప్ప ఇంకెవరు తీసినా పామై కరుస్తుంది. దుష్యంతుడు తీస్తే కరవలేదు, అట్లా తండ్రి ఎవరో తేలింది.

రాగిరేకు రక్తం పెంచదు. తాయెత్తుతో జబ్బు నయమవుతుందని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 చట్టం నిషేధించింది, మంచి పనే చేసింది. ఇదంతా అవ్వకు గట్టిగానే చెప్పాను. ఆమె కాసేపు గమ్మున ఉండి, వాళ్ళ అక్క పేరు చెప్పింది. తొలికాన్పులో, ఎద్దులబండి మీద బళ్ళారికి తెస్తుంటే దారిలోనే పోయిందంట. ఆమె చేతికి తాయెత్తు కట్టే తీరిక కూడా దొరకలేదని అవ్వ బాధ. బండికి బదులు మోటారు దొరికుంటే అని నా బాధ.

రేకును మళ్ళీ చుట్టి గొట్టంలో పెట్టాను. అవ్వ కొవ్వొత్తి మైనంతో మూసి, నల్లదారంతో అక్క చేతికి కట్టింది. ఆ రోజు నుంచి ఐరన్ మాత్రల అట్ట కూడా అవ్వ దగ్గరే ఉంటోంది. రాత్రి భోజనాలయ్యాక ఒకటి తుంచి ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకుని పడుకుంటుంది.