పాత పుట్టిని బాగుచేయడం ఎలా?

హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి హొగెనకల్ వెళ్తే కావేరిలో మనం ఎక్కేది గుండ్రటి పరిసల్. తెలుగులో దాన్ని పుట్టి అనీ, హరిగోలు అనీ అంటాం. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కూడా బుట్టల్లాంటి తోలు పడవల్లో జనం నది దాటడం గురించి రాశాడు. వెదురు అల్లిక నేటికీ అలాగే ఉంది. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి.

బాగుచేయాలంటే ముందు పుట్టిని ఒడ్డున బోర్లించి బాగా ఆరనివ్వాలి. తడి మీద తారు పట్టదు. తర్వాత లోపలి వెదురు బద్దలను నొక్కి చూడాలి. మెత్తబడినా, పొడి రాలినా ఆ బద్ద తీసేసి కొత్తది అల్లాలి. అంచు కట్టు వదులైతే బిగించాలి, పుట్టి ఆకారాన్ని నిలిపేది అదే. పట్టా కొద్దిగా చిరిగితే, చిరుగు కంటే పెద్ద ముక్క వేసి తారు పూయొచ్చు. చాలాచోట్ల చిరిగితే పట్టా మొత్తం మార్చడమే మేలు. చివరగా ఖాళీ పుట్టిని లోతు తక్కువ నీళ్లలో వదిలి, ఎక్కడ నీరు ఊరుతోందో చూడాలి.

పైన తారు నిగనిగలాడుతున్నా లోపల వెదురు పుచ్చి ఉండొచ్చు. రాయి తగిలితే ముందు విరిగేది అక్కడే. అందుకే బద్దలు చూడకుండా తారు పూస్తే లోపం దాచినట్టే.

పాత పుట్టికి చేయగల పెద్ద మెరుగు మనిషికొక లైఫ్ జాకెట్. పిల్లలకు జాకెట్ బిగించాకే ఎక్కించండి. పుట్టిలో అప్పటికే నీరు నిలిచి ఉంటే ఎక్కకండి.