కారు ఎంత ఇస్తుంది?

చిన్న కారు కొనాలనుకునే ప్రతి ఇంటిలోనూ మొదట వినిపించే ప్రశ్న ఇది. అమ్మేవారు ఒక అంకె చెబుతారు. బావగారు మరొకటి చెబుతారు. ప్రకటనలో ఇంకొకటి ఉంటుంది. వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఏదీ మన ఇంటి లెక్క కాదు. సంపాదించిన ప్రతి రూపాయినీ ఎక్కడ ఖర్చు చేశామో ప్రళయదినాన జవాబు చెప్పుకోవాలని విశ్వసించే మనం, నెలనెలా పెట్రోలుకు పోయే సొమ్ము విషయంలో మాత్రం విన్న మాటతోనే సరిపెట్టుకుంటున్నాము.

ప్రకటనలోని అంకె ప్రయోగశాల నుంచి వస్తుంది. పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలలో కారును రోలర్ల మీద నిలిపి, నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ, తగ్గిస్తూ పరీక్షిస్తారు. ఇంతకాలం అనుసరిస్తూ వచ్చిన పద్ధతిలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ వేయరు. మెహదీపట్నం కూడలి అక్కడ ఉండదు. వెనుక సీటులో నలుగురు పిల్లలు, డిక్కీలో పెళ్లి సామాను కూడా ఉండవు. ఒక కారును మరొక కారుతో పోల్చడానికి ఆ అంకె చక్కగా ఉపయోగపడుతుంది. ఇంటి ఖర్చు అంచనాకు మాత్రం పనికిరాదు.

మన అంకెను మనమే తెలుసుకోవాలి. బంకులో ట్యాంకు నిండా కొట్టించి, మీటరు మీది కిలోమీటర్లను రాసుకోవాలి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. ఒక్కసారి చేస్తే తప్పు రావచ్చు కనుక నాలుగైదుసార్లు రాయాలి. ఇంటిలో పదో తరగతి చదివే అమ్మాయికో అబ్బాయికో ఈ పని అప్పగిస్తే గణితమూ వస్తుంది, నాన్నగారి డ్రైవింగ్ సంగతీ బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఉమ్మడి కుటుంబంలో రెండు వాహనాలు ఉన్నాయనుకుందాం. పాత పెద్ద బండి లీటరుకు 10, చిన్న కారు 20 ఇస్తున్నాయి. రెండూ ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుతాయి. పెద్ద బండికి మరమ్మతులు చేయించి 12కు తేవడం మేలా, చిన్న కారు మార్చి 25 ఇచ్చేది కొనడం మేలా? పెరిగింది 2 ఒకచోట, 5 మరొకచోట కనుక రెండవదే మేలని తోస్తుంది. లెక్క వేసి చూడండి. పెద్ద బండికి 1,000 లీటర్లు పట్టేచోట 833 చాలు; మిగిలేవి 167. చిన్న కారుకు 500 పట్టేచోట 400 చాలు. మిగిలేవి 100 మాత్రమే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2008లో ఈ భ్రమనే ఎత్తిచూపారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాక, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడిగితే ఈ భ్రమ తొలగిపోతుంది.

ఇప్పుడు ధర సంగతి. లెక్క సులువుగా ఉండడానికి లీటరు 100 రూపాయలే అనుకుందాం. మన రెండు రాష్ట్రాలలో అంతకంటే ఎక్కువే ఉంది. పైన చెప్పిన 100 లీటర్లకు ఏడాదికి 10,000 మిగులుతుంది. ఆ ఎక్కువ మైలేజీ కోసం కారుకు 90,000 అదనంగా పెడితే, తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు. జుమాకు, ఆసుపత్రికి, ఊరికి తప్ప కారు తీయని ఇంటిలో ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగితే ఇరవై రెండేళ్లు దాటుతుంది. అప్పటికి ఆ కారు ఎక్కడ ఉంటుంది? ఆ అదనపు మొత్తాన్ని వడ్డీకి తెచ్చినవారి సంగతి మరీ విచారకరం.

కొన్న తరువాత మన చేతిలో ఉన్నది నడిపే తీరు. టైర్లలో గాలి తగ్గనివ్వకపోవడం, అనవసరపు బరువు దించడం, ముందు ఎర్రదీపం కనిపిస్తుంటే యాక్సిలరేటరు మీద కాలు తీయడం అందరికీ తెలిసినవే. వేగం పెరిగే కొద్దీ గాలి నిరోధం దాని వర్గం లెక్కన పెరుగుతుందని మాత్రం చాలామంది గమనించరు. 80లో వెళ్లే బండి 100కు చేరితే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది.

మసీదుల ముందు కనిపించే దృశ్యం ఒకటి మమ్మల్ని బాధిస్తుంది. ఖుత్బా సాగుతుంటే బయట కార్లు ఏసీతో ఆన్‌లోనే ఉంటాయి. ఊరికే నడిచే చిన్న ఇంజను గంటకు సుమారు అర లీటరు తాగుతుంది; ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ సఅద్ (రజి)ను హెచ్చరించినట్లు ఇబ్నె మాజాలో ఉంది. దాని సనద్‌పై ముహద్దిసులు చర్చించారు. ఇస్రాఫ్ నిషిద్ధమన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదం లేదు. ఇంజను ఆపి, పిల్లలను కూడా లోపలికి తీసుకురండి.

ఈ మధ్య తరచుగా అడుగుతున్న మరో ప్రశ్న: పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది మద్యమే కదా? చెరకు మొలాసిస్, మొక్కజొన్న, బియ్యం నుంచి తీసే ఈ ఆల్కహాలును తాగడానికి కాక ఇతర అవసరాలకు వాడడాన్ని సమకాలీన ఉలమాలు అనేకులు అనుమతించారు. ద్రాక్ష, ఖర్జూరాల మద్యానికీ తక్కినవాటికీ హనఫీ ఫిఖహ్‌లో ఉన్న తేడా వారికి ఆధారం. కనుక కంగారు అక్కరలేదు. అయితే ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. దీనికి అనువుగా తయారుకాని పాత కార్లలో మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే అంచనా ఉంది. మీ బండి ఇటీవల తక్కువ ఇస్తుంటే మెకానిక్‌ను అనుమానించే ముందు దీనిని కూడా లెక్కలోకి తీసుకోండి.

చివరగా, పాత కారు అమ్మేవారికి ఒక మాట. “ఇరవై ఇస్తుంది” అని కొలవకుండా చెప్పడం తెలియని విషయానికి సాక్ష్యమివ్వడమే. మీటరు వెనక్కి తిప్పడం స్పష్టమైన మోసం. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) మందలించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. మీరు ట్యాంకు ట్యాంకుకూ రాసుకున్న పుస్తకాన్నే కొనేవారి చేతికి ఇవ్వండి. కొనేవారు కూడా సర్వీసు రసీదులు అడిగి చూడాలి. బండి వర్క్‌షాపుకు వెళ్లిన ప్రతిసారీ ఆనాటి కిలోమీటర్లు వాటిలో నమోదై ఉంటాయి.