డిజీలాకర్‌లో లైసెన్స్ చెల్లుతుంది.. గ్యాలరీలో ఫొటో ఎందుకు చెల్లదు?

వాహనాల తనిఖీలో ఎస్సై లైసెన్స్ అడిగారు. పర్సు ఇంట్లో ఉండిపోయింది. ఫోన్ తీసి, గ్యాలరీలో ఉన్న లైసెన్స్ ఫొటో చూపించారు. ‘ఇది చెల్లదు’ అన్నారాయన. ‘ఫోన్‌లో చూపిస్తే చాలన్నారు కదా’ అన్నారు మీరు. నిజానికి ఇద్దరి మాటలోనూ తప్పు లేదు. ఫోన్‌లో చూపించవచ్చు. కానీ చూపేది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర ప్రభుత్వం 2015లో డిజీలాకర్‌ను తెచ్చింది. ఐటీ చట్టం కింద 2016లో దీనికి నిబంధనలు రూపొందించి, 2017 ఫిబ్రవరిలో వాటిని సవరించింది. సంబంధిత శాఖ డిజీలాకర్ ద్వారా జారీ చేసిన పత్రం ఒరిజినల్‌తో సమానమని ఆ సవరణ చెబుతోంది.

రోడ్డు మీద వర్తించేది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ నిబంధన. 2018 నవంబరులో దీన్ని మార్చారు. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వంటివి కాగితం రూపంలో గానీ, ఎలక్ట్రానిక్ రూపంలో గానీ చూపవచ్చు. డిజీలాకర్‌తో పాటు రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో ఉన్నా సరిపోతుంది. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మరో సవరణ ప్రకారం, వివరాలు ఎలక్ట్రానిక్‌గా సరిచూసి సరిగ్గా ఉన్నాయని తేలితే కాగితాలు తెమ్మని అడగకూడదు.

మరి ఫొటో ఎందుకు పనికిరాదు?

డిజీలాకర్‌లో రెండు అరలు ఉంటాయి. ఒకటి ‘ఇష్యూడ్’, రెండోది ‘అప్‌లోడెడ్’.

ఇష్యూడ్‌లో కనిపించే లైసెన్స్‌ను అక్కడ పెట్టింది మీరు కాదు. అది రవాణా శాఖ రికార్డు నుంచి వస్తుంది. మీ ఖాతాలో ఉండేది ఆ రికార్డుకు దారి చూపే లింక్. అందుకే దాన్ని అధికారి క్యూఆర్ కోడ్‌తోనో, రవాణా శాఖ డేటాబేస్‌లోనో సరిచూసుకోవచ్చు.

అప్‌లోడెడ్‌లో ఉండేవి మీరు స్కాన్ చేసి దాచుకున్నవి. వాటిని ఏ శాఖా ధ్రువీకరించలేదు. గ్యాలరీలోని ఫొటోకు ఎంత విలువో వీటికీ అంతే. ఫొటోను ఎవరైనా మార్చగలరు, గడువు తీరినా అది పాత తేదీనే చూపిస్తుంది.

రైలు ప్రయాణంలోనూ ఇదే సూత్రం. డిజీలాకర్‌లోని ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్‌లను గుర్తింపు పత్రాలుగా అంగీకరిస్తామని రైల్వే శాఖ 2018 జులైలో ప్రకటించింది. అప్పుడే, ప్రయాణికులు సొంతంగా అప్‌లోడ్ చేసుకున్నవి చెల్లవని కూడా స్పష్టం చేసింది.

పేరు కలవకపోతే?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. డిజీలాకర్ మీ ఆధార్‌లోని పేరును తీసుకుని శాఖ దగ్గరున్న రికార్డుతో పోల్చి చూస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, లైసెన్స్‌లో ఒక్క అక్షరమే ఉంటే రెండూ కలవకపోవచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట చివర ఉన్నా అదే తంటా. తెలుగువారి పత్రాల్లో ఈ తేడాలు మామూలే.

అలాంటప్పుడు తొందరపడి ఆధార్‌లో పేరు మార్చవద్దు. ఆధార్‌లో పేరు మార్పునకు సాధారణంగా జీవితంలో రెండు అవకాశాలే ఉంటాయి. పదో తరగతి సర్టిఫికెట్, పాన్, బ్యాంకు ఖాతా ఏ పేరుతో ఉన్నాయో చూసుకోండి. వాటితో ఆధార్ కలిసి ఉంటే, మార్చాల్సింది లైసెన్స్‌లోనే.

పేరు సరిగ్గానే ఉన్నా లైసెన్స్ రాకపోతే, అది పాత పుస్తకం తరహాది అయి ఉండొచ్చు. కంప్యూటర్ రికార్డుల్లోకి ఎక్కని లైసెన్స్ డిజీలాకర్‌కు దొరకదు. ఆర్టీఏ కార్యాలయంలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ కోసం అడగాలి.

ఇప్పుడే చేసుకోవాల్సినవి

* ఆధార్‌కు లింకైన మొబైల్ నంబర్ వాడుకలో ఉందా చూసుకోండి. ఓటీపీ దానికే వస్తుంది. నంబర్ మారితే ముందు ఆధార్‌లో అప్‌డేట్ చేయించాలి.
* ఖాతా తెరిచాక లైసెన్స్, ఆర్‌సీ నంబర్లు ఇచ్చి వాటిని ఇష్యూడ్ విభాగంలోకి తెచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ ఈ పని చేసిపెట్టండి.
* లైసెన్స్ రెన్యువల్ చేయించాక డిజీలాకర్‌లో రిఫ్రెష్ చేసి కొత్త తేదీ వచ్చిందో లేదో చూడండి.
* ఆరంకెల సెక్యూరిటీ పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. మీ పత్రాలన్నీ ఒకేచోట ఉన్నాయని మరవొద్దు.
* ఏజెన్సీ ప్రాంతాలు, ఘాట్ రోడ్ల వైపు వెళ్తుంటే కార్డు వెంట ఉంచుకోవడమే మంచిది. సిగ్నల్ లేకపోతే, ఛార్జింగ్ అయిపోతే యాప్ తెరవలేరు.
* విదేశీ ప్రయాణానికి పాస్‌పోర్టు పుస్తకమే కావాలి. దానికి ఫోన్ ప్రత్యామ్నాయం కాదు.

ఇష్యూడ్ విభాగంలోని లైసెన్స్ చూపినా ఎవరైనా ఒప్పుకోకపోతే, వాదన పెంచుకోకుండా 139వ నిబంధనను ప్రస్తావించి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమని అడగండి. అయినా చలానా రాస్తే ఆ చలానా నంబర్, సమయం, స్థలం రాసి పెట్టుకోండి. ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారులకు ఫిర్యాదు చేయడానికి ఆ వివరాలు అవసరమవుతాయి.