పదేపదే తిరిగి మొదలగు కంప్యూటరు

మీట నొక్కగానే కంప్యూటరులోని పంకా తిరుగును, తెర వెలుగును. కాని ఆపరేటింగ్ సిస్టము రాకముందే యంత్రము ఆగి, తనంతట తానే మరల మొదలగును. ఇట్టి సమయమున పలువురు తొందరపడి డిస్కును తుడిచి, సాఫ్ట్‌వేరును కొత్తగా ఎక్కింపజూతురు. దోషము విద్యుత్తులోనో వేడిలోనో ఉన్నచో, డిస్కులోని మార్కుల పట్టికలు పోవునే గాని జబ్బు కుదరదు.

యంత్రము తనంతట తానే ఎందుకు మొదలగును? గోడనుండి వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఎస్.ఎం.పి.ఎస్. అను పెట్టె 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. ఈ వోల్టేజీలు నిలకడ చెందగానే అది మదర్‌బోర్డుకు ఒక సంకేతమును పంపును. 1981లో వెలువడిన ఐ.బి.యం. పి.సి. నాటినుండియు ఈ ఏర్పాటు కలదు. సంకేతము అందువరకు ప్రాసెసరు పని ఆరంభింపదు. నడుమ అది తొలగినచో ఆగును; మరల వచ్చినచో మొదటినుండి ఆరంభించును. సాధారణముగా 12 వోల్టులు 11.4కు దిగరాదు. పెట్టెలోని కెపాసిటర్లు పాతబడినచో, ప్రాసెసరు ఎక్కువ విద్యుత్తు కోరిన క్షణమున వోల్టేజి జారిపోవును.

యంత్రము ఎప్పుడు ఆగుచున్నదో గమనించినచో దోషమును కొంత ఊహింపవచ్చును. తెర వెలుగకముందే ఆగినచో ఎస్.ఎం.పి.ఎస్.ను, ర్యామును, షార్టు సర్క్యూటును, ఇరుక్కుపోయిన రీసెట్ మీటను అనుమానింపవలెను. కొన్ని నిమిషములు నడిచి ఆగి, వేడిగానుండగా మరింత త్వరగా ఆగుచున్నచో, ప్రాసెసరు పంకాను, హీట్‌సింకులోని దుమ్మును చూడవలెను. బయాస్ తెరపై చాలసేపు నిలిచి, విండోస్ గుర్తు కనబడగానే ఆగుచున్నచో, డిస్కుపైనను సాఫ్ట్‌వేరుపైనను అనుమానము పెరుగును.

ఇక పరీక్ష. ముందుగా ప్లగ్గు ఊడదీసి, చేతితో లోహపు చట్రమును తాకి, ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. డిస్కు, ప్రింటరు, అదనపు కార్డులు అన్నిటిని విడదీసి, మదర్‌బోర్డు, పంకాతోకూడిన ప్రాసెసరు, ఒక ర్యాము, తెర మాత్రమే ఉంచి నడుపవలెను. అప్పుడు ఆగకున్నచో, ప్లగ్గు తీసి ఒక్కొక్క భాగమునే చేర్చుచు పోవలెను. దేనిని చేర్చినప్పుడు జబ్బు తిరిగివచ్చునో అచ్చటనే వెదకవలెను. అప్పటికిని ఆగుచున్నచో ర్యామును మార్చియు, ప్రక్క యంత్రమునుండి సరియైన ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి తగిలించియు చూడవలెను. ఒకేసారి రెండు మార్పులు చేసినచో ఏది కారణమో తెలియదు. భౌతికశాస్త్ర ప్రయోగమున ఒక్క రాశిని మాత్రమే మార్చి, తక్కినవానిని స్థిరముగ నుంచుట ఇందుకే కదా!

ఒక హెచ్చరిక: ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతకూడ దాని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన ఆవేశము నిలిచియుండవచ్చును. డిస్కు దోషమని తోచినచో, ముందుగా దానిని వేరొక కంప్యూటరుకు తగిలించి అందలి సమాచారమునకు నకలు తీసికొనవలెను. తుడుచుట అన్నిటికన్న చివరి పని.