మనది రైల్వే, మున్సిపాలిటీతో మనకేం పని?

డెంగీ సర్వేకి నోట్‌బుక్కులు పట్టుకుని మున్సిపాలిటీ పంపిన ఆడవాళ్ళు మన ఖరగ్‌పూర్ నింపురా రైల్వే క్వార్టర్ల లైన్లోకి వస్తే గేటు దగ్గరే జవాబు సిద్ధంగా ఉంటుంది: “ఇది రైల్వే ఏరియా అమ్మా, మీరు ఊళ్ళోకి, ఇందా వైపు పొండి.” ఇప్పుడు ఆ మాటకో తోక కూడా మొలిచింది. పేర్లు రాసుకెళ్ళి, క్వార్టర్లో అదనంగా ఎవరుంటున్నారో రైల్వేకి చెప్పేస్తారట. ఎవరన్నారు? ఎవరో అన్నారు. తలుపులు మాత్రం మూతబడుతున్నాయి.

ఖరగ్‌పూర్ పురపాలక సంఘం 1954లో పుట్టింది. దాని 35 వార్డుల్లో రైల్వే కాలనీలవీ ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో క్యూలో నిలబడి కౌన్సిలర్లను ఎన్నుకున్నదీ మనమే. ఓటడగడానికి వస్తే కుర్చీ వేసి టీ ఇస్తాం, లార్వా చూడటానికి వస్తే సరిహద్దు గీస్తాం!

“రైల్వే మున్సిపాలిటీకి పన్ను కట్టదు కదా, వాళ్ళెందుకు చేస్తారు” అనేది ఇంకో వాదన. కేంద్రం ఆస్తికి ఆస్తిపన్ను లేదన్నది నిజమే, రాజ్యాంగం 285వ అధికరణం ఆ మినహాయింపు ఇచ్చింది. అయితే సేవలకు రుసుము చెల్లిస్తామని కేంద్రం 2009లో సుప్రీంకోర్టులోనే ఒప్పుకుంది. అందే సేవలను బట్టి ఆస్తిపన్నులో మూడో వంతు నుంచి ముప్పాతిక దాకా. ఆ బకాయిల తగవు ఆఫీసులు తేల్చుకుంటాయి. దోమ రసీదు అడిగి కుట్టదు.

ఇక ఆ నోట్‌బుక్కు సంగతి. అందులో రాసేది ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా, నీళ్ళు నిలిచిన పాత్రలెన్ని, వాటిలో లార్వా ఉందా అని. క్వార్టర్లో ఎవరుంటున్నారో తెలుసుకోవడానికి రైల్వేకి సొంత ఇన్‌స్పెక్టర్లు ఉండగా, దోమలు చూసేవాళ్ళను గూఢచారులుగా పెట్టుకోవాల్సిన ఖర్మేమిటి?

బెంగాల్ పట్టణాలు ఈ ఇంటింటి సర్వేకి దిగడానికి కారణం ఉంది. ఫాగింగ్ పొగ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్ళలో ఉన్న పిల్లను తాకదు. “పొగ కొట్టారు, ఇంక భయం లేదు” అనుకునేవాళ్ళు పెరటి డ్రమ్ము మూత తీసి చూడండి. నీడ పడగానే సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోతాయి. అవే. డెంగీ దోమ మురుగుకాలువ కన్నా మన ఇంటి మంచినీళ్ళనే ఇష్టపడుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకి. ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే సరిపోదు, గోడలు పీచుతో గట్టిగా తోమాలి.

జ్వరం వస్తే బొప్పాయి ఆకు రసం డాక్టరుకు బదులు కాదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. “మున్సిపాలిటీకి ఇక్కడ చేతులు కట్టేశారు” అనేది పూర్తి అబద్ధం కాదు. స్థలం రైల్వేది. కాలువ తవ్వాలన్నా, రోడ్డు వేయాలన్నా రైల్వే అనుమతి కావాలి, ఆ అనుమతి దగ్గరే పనులు ఆగుతాయి. పగిలిన పైపు గురించి కౌన్సిలర్ని తిట్టి లాభం లేదు, రైల్వే సెక్షన్ ఇంజినీర్ (వర్క్స్), అదే పాత ఐ.ఓ.డబ్ల్యూ., ఆఫీసులో రాసివ్వండి, నకలు కౌన్సిలర్‌కీ ఇవ్వండి. ఒకరి మీద ఒకరు తోసుకునే దారి అప్పుడే మూసుకుంటుంది. డ్రమ్ము తోమడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. కూలర్, పూలకుండీ కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే, షెడ్డు మీది పాత టైరు, వారానికో రోజు అన్నీ ఆరబెట్టండి. జ్వరం రెండో రోజుకీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి, తెలిసీ తెలియక నొప్పి మాత్రలు మింగొద్దు.

సర్వే వాళ్ళు మళ్ళీ వస్తారు. గేటు తీసి, పెరట్లోకి మీరే తీసుకెళ్ళి చూపించండి.